ప్రైమ్ చేస్తే నాలుగు సెకన్లు పరిగెత్తి ఆగిపోతోంది – పాత 0.049 గ్లో ఇంజన్

కొత్తరెక్క:
అందరికీ నమస్తే. చాలా రోజులుగా మీ పోస్టులు చదువుతున్నా గానీ రాయడం ఇదే మొదలు. మా పెదనాన్న కుర్రతనంలో ఎగరేసిన మోడల్ విమానాల సామాను ఒక రేకు డబ్బాలో నా చేతికొచ్చింది. రెక్కల్ని చెదలు తినేశాయి, ఇంజన్ మాత్రం మిగిలింది. కాక్స్ కంపెనీ బేబ్ బీ, 0.049 ఘనపు అంగుళాలది. ట్యాంకు ఇంజన్ వెనకే కలిసి ఉంది, ముందు స్ప్రింగ్ స్టార్టర్ ఉంది. గోధుమరంగు బంక పట్టి కదలకుండా బిగుసుకుపోయి ఉంటే హెయిర్ డ్రయర్‌తో వేడి చేసి, మిథనాల్‌లో రాత్రంతా నానబెట్టి విడదీశాను. పాత బనియన్ గుడ్డతో లోపలా బయటా తళతళలాడేలా తుడిచి మళ్లీ బిగించాను.

ఇప్పుడు సంగతేంటంటే, ఎగ్జాస్ట్ సందులో రెండు చుక్కలు ఇంధనం వేసి (ప్రైమ్ చేసి), బ్యాటరీ క్లిప్ తగిలించి తిప్పితే వెంటనే అంటుకుంటోంది. నాలుగు సెకన్లు గోలగోలగా పరిగెత్తి టక్కున ఆగిపోతోంది. ఇంధనం పాళ్లు మార్చే సూది ఒక తిప్పు నుంచి ఆరు తిప్పుల దాకా అన్నీ చూశాను. ఎక్కడ పెట్టినా అవే నాలుగు సెకన్లు. ఇంధనంలో 25% నైట్రో (నైట్రోమీథేన్), 20% నూనె, మిగతాది మిథనాల్. ప్రాప్ (ముందు తిరిగే పంకా) 6x3 అంగుళాలు. వేలు బొబ్బలెక్కింది, ఇంట్లో వాళ్లకి ఓపిక అయిపోయింది. ఏం చెయ్యమంటారు?

రాత్రిషిఫ్ట్:
నాలుగు సెకన్లు పరిగెత్తిందా! నాది మొదటి నెలంతా ఒక్క దగ్గు కూడా దగ్గలేదు. మీరు అదృష్టవంతులు.

బాల్సా బాబాయ్:
ముందు సూది మీద నుంచి చెయ్యి తియ్యండి బాబూ. కొత్తవాళ్లందరిదీ ఇదే వరస. ఇంజన్ ఏ రోగంతో ఉన్నా ముందు సూదే తిప్పుతారు, ఎందుకంటే బయటికి కనపడి, చేతికి తిరిగేది అదొక్కటే కాబట్టి.

ఆ నాలుగు సెకన్లే మీకు సగం జవాబు చెప్పేశాయి. ప్రైమ్ చేసిన చుక్కలతో పరిగెత్తిందంటే బ్యాటరీ బాగుంది, గ్లో హెడ్‌లో (సిలిండర్ మూతలో) ఇంధనాన్ని అంటించే తీగ బాగుంది, కంప్రెషన్ ఉంది. ఈ మూడూ పక్కన పెట్టెయ్యండి. ట్యాంకులో ఉన్నది లోపలికి రావట్లేదు, అంతే. ఎందుకు రావట్లేదంటే మూడే కారణాలు: దారి ఎక్కడో మూసుకుపోయింది, లేదా ఇంధనం బదులు గాలి పీలుస్తోంది, లేదా అసలు పీల్చడమే లేదు. మీ ఇంజన్‌లో పీల్చే పని రీడ్ వాల్వుది. విప్పినప్పుడు దాన్ని చూశారా?

కొత్తరెక్క:
ట్యాంకు విప్పినప్పుడు ముందు మొహం మీద చిన్న పల్చటి రేకు కనపడింది, సన్నటి తీగ రింగుతో పట్టి ఉంది. అదేనా? తుడిచి అలాగే వదిలేశాను.

పావు_తిప్పు:
అదే. తుడిచారు కదా, అక్కడే నాకు అనుమానం. బనియన్ గుడ్డ అన్నారు!

అది ఎలా పనిచేస్తుందో ఒకసారి చెప్తాను, అప్పుడు వెతకడం తేలిక. పిస్టన్ పైకెళ్లినప్పుడు కింద క్రాంక్‌కేస్‌లో ఒత్తిడి తగ్గుతుంది. ఆ లాగుడుకి రేకు సీటు మీద నుంచి వెంట్రుకవాసి లేస్తుంది, వెంచురీలోంచి (గాలి దూరే సన్నటి గొట్టం) గాలి, దాంతోపాటు ఇంధనం లోపలికి వస్తాయి. పిస్టన్ దిగేటప్పుడు లోపల ఒత్తిడి పెరిగి రేకు మళ్లీ సీటుకి అతుక్కుంటుంది. నిమిషానికి పదివేల సార్లు పైనే జరగాలి ఈ పని. రేకుకీ సీటుకీ మధ్య ఒక్క దారప్పోగు అడ్డం పడితే చాలు, లోపలికొచ్చింది వచ్చిన దారినే బయటికి పోతుంది.

పరీక్ష చాలా తేలిక. ట్యాంకు ఖాళీ చేసి, ఆరబెట్టి, ఇంజన్ నుంచి విడదీయండి. వెంచురీకి మెత్తటి ట్యూబ్ ముక్క పట్టించి నోటితో ఊదండి. గాలి ధారాళంగా పోవాలి. ఇప్పుడు పీల్చండి. టక్కున మూసుకుపోవాలి. పీల్చినప్పుడు కూడా సర్రుమని గాలి వస్తే దొంగ దొరికినట్టే. మిథనాల్, నైట్రో తడి ఉండగా మాత్రం నోరు పెట్టొద్దు.

రేకు తీస్తే వంచకండి, గోటితో గీకకండి. పాతవాటిలో బెరీలియం రాగి రేకు ఉండేది, తర్వాతి వాటిలో పల్చటి మైలార్ ప్లాస్టిక్ ముక్క. ఏదైనా సరే, రింగు లోపల వదులుగా కదలాలి. రింగు దాన్ని బిగించి పట్టడానికి కాదు, పడిపోకుండా ఆపడానికి.

మోడరేటర్:
పై పోస్టులో మిథనాల్ గురించి చెప్పిన మాట అందరూ గుర్తుపెట్టుకోండి. మిథనాల్ కడుపులోకి వెళ్తే చూపు పోతుంది, ప్రాణం కూడా పోవచ్చు. చర్మంలోంచి కూడా ఇంకుతుంది. ఎండలో దాని మంట కంటికి కనపడదు. పరీక్షలన్నీ పొడిగా ఉన్న భాగాలతోనే. ఇంజన్ నడుస్తున్నప్పుడు ప్రాప్ వెనక నిలబడండి, పక్కన కాదు.

ఆముదం_పక్షం:
నూనె 20% అన్నారు, ఏం నూనె? అది చెప్పలేదు.

కొత్తరెక్క:
డబ్బా మీద సింథటిక్ అని ఉందండీ.

ఆముదం_పక్షం:
హతవిధీ. ఆ డబ్బా పక్కన పెట్టండి.

ఈ ఇంజన్‌లో బాల్ బేరింగులు లేవు. క్రాంక్ షాఫ్ట్ నేరుగా లోహంలో తిరుగుతుంది. పిస్టన్‌కి గడ్జన్ పిన్ (రాడ్‌ని పట్టే అడ్డ కడ్డీ) కూడా లేదు, కనెక్టింగ్ రాడ్ చివర గుండు పిస్టన్ అడుగున గిన్నెలో కూర్చుంటుంది. ఆ గుండుకీ గిన్నెకీ మధ్య ఉన్న నూనె పొరే దాని ఆయుష్షు. వేడి మితిమీరినప్పుడు సింథటిక్ పొర తెగిపోతుంది. ఆముదం అలా కాదు, వేడి మితిమీరితే చిక్కబడి లోహాన్ని పట్టుకుంటుంది. ఒకసారి లీన్‌గా (ఇంధనం తక్కువై) పరిగెత్తినా ఇంజన్ బతికి బయటపడుతుంది.

కొత్తనూనె:
బతుకుతుంది, బంక పట్టి కూడా బతుకుతుంది. పాపం కొత్తరెక్క గారు హెయిర్ డ్రయర్‌తో ఊడదీసిన ఆ గోధుమరంగు బంక ఎక్కణ్నుంచి వచ్చిందనుకుంటున్నారు? మీ ఆముదమే. సిలిండర్ గోడ మీద అదే కాలి వార్నిష్‌లా పేరుకుంటుంది. కాక్స్ సిలిండర్ పైకి వెళ్లేకొద్దీ సన్నబడుతుంది, పిస్టన్ అక్కడ సరిగ్గా పట్టేలా చేసింది. అక్కడ వార్నిష్ పేరుకుంటే వేడెక్కాక వేగం పడిపోతుంది, ఎందుకో ఎవరికీ అర్థం కాదు.

ఆముదం_పక్షం:
వార్నిష్ తోముకుంటే పోతుంది. గుండు అరిగితే?

బాల్సా బాబాయ్:
మీరిద్దరూ ప్రతి చర్చలోనూ ఇదే గొడవ. ఇద్దరి మాటా నిజమే కాబట్టే తెగట్లేదు. ఈ చిన్న ఇంజన్లకి నూనె 20% తగ్గకూడదు, అందులో కనీసం సగం ఆముదం ఉండాలి. సగం సింథటిక్ ఉంటే బంక తగ్గుతుంది, సగం ఆముదం ఉంటే గుండు చల్లగా ఉంటుంది. ఆముదం అంటే శుద్ధి చేసినది, చిన్నపిల్లలకి పట్టించే సీసాలోది కాదు. నలభై ఏళ్లనాటి ఫాక్స్ 35 లాంటి ఇంజన్లు దొరికితే మాత్రం నేను సింథటిక్ జోలికే పోను, నూనె పాళ్లు ఇంకా పెంచుతాను. కొత్తరెక్క గారూ, మీ డబ్బాలో ఇంధనం పారబొయ్యకండి, ఆముదం కలిపితే చాలు. మిథనాల్‌లో తేలిగ్గా కరుగుతుంది. ఆ మేరకి నైట్రో శాతం కాస్త దిగుతుంది, ఫరవాలేదు.

డీజిల్‌పిచ్చి:
ఇదంతా ఎందుకండీ, డీజిల్‌కి రండి. బ్యాటరీ లేదు, క్లిప్ లేదు, గ్లో హెడ్ కాలిపోతుందని టెన్షన్ లేదు. నా దగ్గర మిల్స్ 1.3 ఉంది, ఆ నమూనా 1946లో వచ్చింది. ఇప్పటికీ మూడో తిప్పుకి అంటుకుంటుంది. ఈథర్, కిరోసిన్, ఆముదం మూడూ సమపాళ్లు, పాతకాలం లెక్క. తల మీద ఒక స్క్రూ, పక్కన ఒక సూది, అంతే సంసారం.

రాత్రిషిఫ్ట్:
ఆ వాసన సంసారానికి పనికొచ్చేది కాదు అన్నా.

పావు_తిప్పు:
డీజిల్ గారూ, దాని కోసం వేరే చర్చ తెరవండి, నేనూ వస్తాను. ఇక్కడ పాపం ఆయన రీడ్ వాల్వుతో కుస్తీ పడుతున్నారు.

కొత్తరెక్క:
దొరికింది! పీలిస్తే సర్రుమని గాలి వచ్చింది. రింగు తీసి భూతద్దం పెట్టి చూస్తే రేకు కింద తెల్లటి పోగు, కనురెప్ప వెంట్రుకంత. నా బనియన్‌దే. అంటే ఇన్ని రోజులూ నేను శుభ్రం చేసిన శుభ్రమే నన్ను ఏడిపించింది. ఈసారి గుడ్డ వాడకుండా మిథనాల్‌తో కడిగి, కాగితం మీద ఆరబెట్టి బిగించాను. ఇంకోటి, ట్యాంకు లోపలి పికప్ ట్యూబ్ ముట్టుకుంటే విరిగిపోయింది, గాజులా గట్టిపడింది. కొత్త ట్యూబ్ ముక్క కోసి పెట్టాను.

ఇప్పుడు ప్రైమ్ అయిపోయాక కూడా పరిగెడుతోంది! కాకపోతే నిలకడ లేదు. ఉయ్యాల ఊగినట్టు వేగం పెరుగుతుంది, తగ్గుతుంది, మళ్లీ పెరుగుతుంది. సూది తిప్పితే ఒకసారి మాట వింటుంది, ఇంకోసారి వినదు.

పావు_తిప్పు:
మొదటిది: పికప్ ట్యూబ్ చివర ట్యాంకులో ఎక్కడుంది? విమానం ఎగిరేటప్పుడు ఇంధనం ఏ మూలకి చేరుతుందో ఆ మూలలో ఉండాలి. తీగలతో పట్టుకుని గుండ్రంగా తిప్పే కంట్రోల్ లైన్ విమానమైతే బయటివైపు మూల, టేబుల్ మీద పరీక్షకైతే అడుగున.

రెండోది: సూది మరలోంచి గాలి పీలుస్తోందేమో. ఏళ్ల తరబడి తిరిగి తిరిగి మర అరుగుతుంది. అప్పుడు ఇంధనంతో పాటు ఆ సందులోంచి గాలి కూడా దూరుతుంది. సూది తిప్పితే సందు కూడా మారుతుంది, అందుకే ఒకసారి మాట విని ఇంకోసారి వినకపోవడం. ఇంజన్ నడుస్తుండగా, వెనకవైపు నుంచి, సూది మర దగ్గర చిక్కటి నూనె చుక్క వెయ్యండి. రెండు క్షణాలు శబ్దం స్థిరపడితే లీకు అక్కడే.

మందు: లోపలి కొలత సన్నగా ఉన్న సిలికాన్ ట్యూబ్ ముక్క కోసి సూదికి తొడగండి. స్ప్రింగు తీసేసి దాని స్థానంలో పెట్టొచ్చు. ట్యూబ్ కాస్త నొక్కుకునేంత పొడవు ఉండాలి. గాలీ దూరదు, అదురుకి సూదీ తిరగదు.

మూడోది: నాలుగు పొడవు స్క్రూలున్నాయి కదా, వాటిని ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించారా? ఒక మూల ముందే బిగిస్తే గ్యాస్కెట్ వంకరగా కూర్చుంటుంది.

డీజిల్‌పిచ్చి:
ఈ సిలికాన్ ట్యూబ్ చిట్కా గ్లో ఇంజన్లకే. డీజిల్ ఇంధనంలో సిలికాన్ ఉబ్బి పాడవుతుంది, ఎవరైనా చదివి డీజిల్‌కి పెట్టేరు. (అయినా వేరే చర్చ తెరుస్తాలెండి.)

కొత్తరెక్క:
నూనె చుక్క వేశాను. కందిరీగ రొద ఒక్కసారిగా తీగలా సాగింది, మూడు సెకన్ల తర్వాత మళ్లీ ఊగడం మొదలు. చెప్పినట్టే! సిలికాన్ ముక్క తొడిగాను, ఉయ్యాల పోయింది.

కానీ ఇప్పుడొక వింత. నిన్న సాయంత్రం నున్నగా పరిగెడుతోంది, శబ్దం బాగుంది, కానీ నేను వెనక నిలబడితే గాలి నా మొహానికి తగలట్లేదు. ముందుకు చెయ్యి చాపితే అటు తగులుతోంది. ప్రాప్ తిరగేసి పెట్టానా?

రాత్రిషిఫ్ట్:
మీ విమానం వెనక్కి ఎగురుతుంది. పార్కింగుకి సౌకర్యం.

బాల్సా బాబాయ్:
ప్రాప్ తప్పు కాదు, ఇంజనే ఉల్టా తిరుగుతోంది. రీడ్ వాల్వ్ ఇంజన్లకి ఇది మామూలే. రేకు ఒత్తిడిని బట్టి తెరుచుకుంటుంది గానీ షాఫ్ట్ ఎటు తిరుగుతోందో దానికి తెలీదు. రెండువైపులా ఒకే సుఖం. 1960ల మొదట్లో వచ్చిన కాక్స్ టీ డీ లాంటి ఇంజన్లలో గాలి షాఫ్ట్‌కి కోసిన కిటికీలోంచి వస్తుంది, ఆ కిటికీ తెరుచుకునే సమయం ఒక దిశకే సరిపోతుంది, అందుకే అవి ఉల్టా పరిగెత్తవు.

ప్రైమ్ ఎక్కువైతే ఉల్టా అంటుకోవడం ఎక్కువ. రెండు చుక్కలు కాదు, ఒకటి చాలు. స్ప్రింగు ఒకటిన్నర తిప్పు చుట్టి వదలండి. చేత్తో అయితే కొందరు కావాలనే ఉల్టా కొడతారు, పిస్టన్ కంప్రెషన్‌కి తగిలి ఎదురు తన్ని సరైన వైపు తిరుగుతుంది. మీరు ఇప్పుడే ఆ పని చెయ్యకండి, వేలికి చెక్క ముక్కో మందపాటి రబ్బరు తొడుగో అలవాటు చేసుకోండి. ఇంధనం ఎక్కువై ప్రాప్ అసలు తిరక్కుండా గట్టిగా తగిలితే బలవంతం చెయ్యొద్దు. లోపల ద్రవం నిండింది, ద్రవం నలగదు, రాడ్ వంగుతుంది. క్లిప్ తీసి, ఎగ్జాస్ట్ కిందికి తిప్పి కారనివ్వండి.

కొత్తరెక్క:
సరే బాబాయ్ గారూ. ఇప్పుడైనా సూది ముట్టుకోవచ్చా?

బాల్సా బాబాయ్:
ఇప్పుడు ముట్టుకోండి. చెవితో చేసే పని ఇది, తొందరపడకండి.

సూది మెల్లగా పూర్తిగా మూసి, అక్కణ్నుంచి మూడున్నర, నాలుగు తిప్పులు తెరవండి. మూసేటప్పుడు వేలి కొసలతో, ఆగిన చోట ఆపెయ్యాలి, బిగిస్తే సీటు గాడి పడుతుంది. అంటించండి. ఈ స్థితిలో ఇంధనం ఎక్కువ, మనం రిచ్ అంటాం. శబ్దం బుడబుడమని, గొంతులో నీళ్లు పోసుకుని పుక్కిలించినట్టు ఉంటుంది. ఎగ్జాస్ట్‌లోంచి పొగ, నూనె బాగా వస్తాయి. ఇంధనం మరీ ఎక్కువైతే ప్రతి తిప్పుకీ మండదు, ఒకటి వదిలి ఒకటి మండుతుంది. టూ స్ట్రోక్ ఇంజన్ ఫోర్ స్ట్రోక్‌లా అరుస్తుంది. దాన్నే 'ఫోర్ సైకిల్' అంటారు.

బ్యాటరీ క్లిప్ ఇప్పుడే తీసెయ్యండి. తీశాక ఆగిపోతే సూది ఇంకా రిచ్‌గా ఉంది, లేదా హెడ్ బలహీనపడింది.

ఇప్పుడు సూది ఎనిమిదో వంతు తిప్పు మూయండి. ఆగండి. మూడు సెకన్లు వినండి. మళ్లీ ఎనిమిదో వంతు. పాత ఇంజన్ సూది మాట వెంటనే వినదు, ట్యూబులో ఉన్నది అయిపోయాక వింటుంది. అందుకే ఆగమన్నాను. ఒకచోట బుడబుడ తెగి 'ఈఁ' అని సన్నటి శ్రుతి అందుకుంటుంది, వేగం ఒక్కసారిగా పెరుగుతుంది. మధ్యమధ్యలో బుడబుడ తొంగి చూస్తూ ఉంటుంది. ఇంకాస్త మూస్తే అది కూడా పోయి శ్రుతి శిఖరానికి చేరుతుంది. అందరూ అక్కడే పొరపాటు చేస్తారు, ఆ శిఖరం మీదే వదిలేస్తారు. అక్కణ్నుంచి ఎనిమిదో వంతు వెనక్కి తెరవండి, వేగం కాస్త దిగాలి. గాల్లోకి లేచాక ప్రాప్ మీద భారం తగ్గుతుంది, వేగం పెరుగుతుంది, మిశ్రమం తనంతట తానే లీన్ అవుతుంది. కింద శిఖరం మీద ఉన్నది పైన గొంతెండి చస్తుంది.

చివరగా విమానం ముక్కు నిటారుగా పైకెత్తి పట్టుకోండి. శబ్దం కొంచెం సన్నబడి నిలబడితే చాలు. గుటకలు మింగి తగ్గిపోతే ఇంకాస్త తెరవాలి.

పావు_తిప్పు:
విడి ట్యాంకు ఉన్న ఇంజన్లయితే ఇంధనం పైపు వేళ్లతో క్షణకాలం నొక్కి వదలడం ఇంకా తేలిక. నొక్కగానే వేగం పెరిగి తర్వాత పడితే రిచ్. పెరక్కుండా నేరుగా పడిపోతే అప్పటికే లీన్. బేబ్ బీకి నొక్కడానికి బయట పైపు లేదు, అందుకే బాబాయ్ ముక్కు ఎత్తమన్నారు.

రాత్రిషిఫ్ట్:
బ్యాటరీ మాట వచ్చింది కాబట్టి నా కథ. 1.5 వోల్టుల హెడ్‌కి 2 వోల్టుల లెడ్ సెల్ పెట్టాను, 'అర వోల్టు ఎక్కువైతే ఏం పోతుందిలే' అని. తెల్లగా మెరిసింది, బలే ఉందనుకున్నా. తర్వాత మెరవలేదు. ఈ ఇంజన్‌కి ప్లగ్ విడిగా రాదు, హెడ్ మొత్తం మార్చాలి. ఆ తీగ ప్లాటినం మిశ్రమం మరి. తర్వాత భయపడి చిన్న పెన్సిల్ సెల్ పెట్టాను, అది రెండు మూడు ఆంప్స్ ఇవ్వలేక మొరాయించింది. లావు సెల్ కొన్నాక గొడవ తీరింది. తీగ నారింజ రంగులో వెలిగితే చాలు.

ఆముదం_పక్షం:
ఆ తీగ మీద ఎవరూ మాట్లాడరు గానీ అసలు అద్భుతం అదే. 1947లో రే ఆర్డెన్ గ్లో ప్లగ్ తేకముందు, డీజిళ్లు తప్ప మోడల్ ఇంజన్లన్నీ స్పార్క్ కోసం కాయిలు, కండెన్సరు, పాయింట్లు మోసుకుని ఎగిరేవి. బ్యాటరీ తీసేశాక కూడా తీగ ఎర్రగా ఎలా ఉంటుందంటే, కంప్రెషన్ వేడి ఒక కారణం, ప్లాటినం సమక్షంలో మిథనాల్ దానంతటదే చర్య జరపడం ఇంకో కారణం. అందుకే పెట్రోల్ పోస్తే గ్లో ప్లగ్ పనిచెయ్యదు.

కొత్తనూనె:
చూశారా, నూనె గురించి కాకపోతే ఎంత బాగా రాస్తారో.

కొత్తరెక్క:
ఈ ఉదయం అన్నీ చెప్పినట్టే చేశాను. నాలుగు తిప్పులు, ఒక చుక్క, ఒకటిన్నర చుట్టు. రెండో ప్రయత్నంలో అంటుకుంది, సరైన వైపే. బుడబుడ నుంచి 'ఈఁ' అనే దాకా ఐదు ఎనిమిదో వంతులు పట్టింది. శిఖరం దాటించి వెనక్కి తెచ్చాను. టాకోమీటర్ తెచ్చిపెట్టిన స్నేహితుడు 12,000కి దగ్గర్లో ఉందన్నాడు. ట్యాంకు అయిపోయేదాకా ఒక్కసారి కూడా తడబడలేదు. చివరి పది సెకన్లలో మాత్రం శ్రుతి పెరిగింది, భయపడ్డాను.

పావు_తిప్పు:
అది మామూలే. ట్యాంకు అడుగంటేటప్పుడు ఇంధనం మట్టం దిగి మిశ్రమం లీన్ అవుతుంది. ఆగిపోయాక లోపల మిగిలిన మిథనాల్ తేమని లాగి తుప్పు పట్టిస్తుంది, ఎగ్జాస్ట్‌లో రెండు చుక్కలు నూనె వేసి చేత్తో తిప్పి పెట్టండి. గుడ్డ చుట్టకండి!

కొత్తరెక్క:
ప్లాస్టిక్ సంచిలో పెట్టాను, గుడ్డ జన్మలో ముట్టను.

ఒకటి చెప్పడం మరిచాను. ఇంజన్ నడుస్తుండగా పెదనాన్నకి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాను. ఆయనకి ఇప్పుడు సరిగ్గా వినపడదు, అయినా కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత 'ఇంకా లీన్‌గా ఉందిరా, కొంచెం తెరువు' అన్నారు. తెరిచాను. వేగం కాస్త దిగింది. 'ఆఁ, అదీ' అని పెట్టేశారు. ముక్కు ఎత్తి చూస్తే నిజంగానే ముందుకంటే నిలకడగా ఉంది.

బాల్సా బాబాయ్:
అయితే ఆయన మాటే ఖాయం చేసుకోండి. సూది మీద చిన్న గీత గీసి పెట్టుకోండి.

డీజిల్‌పిచ్చి:
వేరే చర్చ తెరిచాను. మొదటి ప్రశ్న నాదే: మిల్స్ కాంట్రా పిస్టన్ (సిలిండర్ పైన ఉండి కంప్రెషన్ మార్చేది) చల్లగా ఉన్నప్పుడు బిగుసుకుని, స్క్రూ వెనక్కి తిప్పినా పైకి రావట్లేదు. సూది మాత్రం ముట్టుకోలేదు, ఒట్టు.